అయిదుగురు అధ్యక్షులు, ఒకే మాజీ సైనికుల సంఘం: గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్ రాజకీయాలపై చర్చ

చరిత్రాభిమాని (చర్చ ప్రారంభం)

అమెరికా అంతర్యుద్ధం తరువాతి అధ్యక్షుల జాబితాను తీసుకుంటే గ్రాంట్, హేస్, గార్‌ఫీల్డ్, బెంజమిన్ హారిసన్, మెకిన్లీ అనే అయిదు పేర్లు ఒకే తీగకు కాసినట్టు కనిపిస్తాయి. అయిదుగురూ యూనియన్ (ఉత్తరాది) సైన్యంలో పోరాడినవారే, అయిదుగురూ రిపబ్లికన్లే, అయిదుగురూ గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్ అనే మాజీ సైనికుల సంఘంలో సభ్యులే. 1866 ఏప్రిల్ 6న ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకటూర్ పట్టణంలో, బెంజమిన్ స్టీఫెన్‌సన్ అనే సైనిక వైద్యుడి చొరవతో ఈ సంఘం పుట్టింది. ఊరి స్థాయిలో పోస్టు అనే శాఖ, రాష్ట్ర స్థాయిలో డిపార్ట్‌మెంటు, వాటన్నిటిపైన కమాండర్ ఇన్ చీఫ్, ఏడాదికొకసారి ఏదో ఒక నగరంలో జాతీయ మహాసభ, ఇదీ దాని నిర్మాణం. 1890 నాటికి సభ్యుల సంఖ్య 4 లక్షలు దాటింది.

వింత ఏమిటంటే, ఈ సంఘం నియమావళి రాజకీయాలను ఖచ్చితంగా నిషేధించింది. ఏ సభ్యుడూ సంఘాన్ని పార్టీ ప్రయోజనాలకు వాడుకోరాదని, సమావేశాలలో పార్టీ వివాదాలను చర్చించరాదని, రాజకీయ పదవులకు అభ్యర్థులను ప్రతిపాదించరాదని అందులో స్పష్టంగా రాసుకున్నారు. అలా రాసుకున్న సంఘానికి వరుసగా నాయకత్వం వహించిన వాళ్లెవరు? మొదటి జాతీయ అధిపతి స్టీఫెన్ హర్ల్‌బట్ తరువాత కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) సభ్యుడయ్యాడు. రెండో అధిపతి జాన్ లోగన్ అప్పటికే కాంగ్రెస్ సభ్యుడు. మూడో అధిపతి బర్న్‌సైడ్ రోడ్ ఐలండ్ గవర్నరుగా చేసి వచ్చి, తరువాత సెనేటరయ్యాడు. 1875 నుంచి 1877 వరకు అధిపతిగా ఉన్న హార్ట్రాన్‌ఫ్ట్ అదే సమయంలో పెన్సిల్వేనియా గవర్నరు కూడా.

నాయకులు సంఘాన్ని వాడుకున్నారా, సంఘమే నాయకులను వాడుకుందా అన్నది నా ప్రశ్న. మొదటి పదేళ్లలో మొదటిది, ఆ తరువాత రెండోది జరిగిందని నా అభిప్రాయం. చదివినవారు, ఆ ప్రాంతాలలో నివసిస్తున్నవారు తమ మాట చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కొలంబస్ నివాసి

మొదటి పదేళ్ల గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లూ నిజం. అందుకు 1868 మే నెల ఒక్కటి చాలు. మే 5న లోగన్ సంఘాధిపతి హోదాలో పదకొండో నంబరు సాధారణ ఉత్తర్వు జారీ చేసి, మే 30న మృత సైనికుల సమాధులను పూలతో అలంకరించాలని దేశమంతటా ఉన్న పోస్టులను ఆదేశించాడు. నేటి మెమోరియల్ డే మూలం అదే. అదే మే నెలలో ఆయన సెనేటులో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌పై అభిశంసన వాదన నడుపుతున్న ప్రతినిధుల సభ సభ్యులలో ఒకడు. అదే నెల 19న షికాగోలో సైనికుల, నావికుల సదస్సు జరిగి గ్రాంటును బలపరిచింది. మరి రెండు రోజులకు అదే నగరంలో రిపబ్లికన్ మహాసభలో గ్రాంటు పేరును ప్రతిపాదించింది కూడా లోగనే. ఒకే మనిషి ఒకే నెలలో సంఘాధిపతి, అభిశంసన వాది, అభ్యర్థిని ప్రతిపాదించిన నాయకుడు. నియమావళిలో నిషేధం ఎంత గట్టిగా రాసినా, వేదిక మీద మనిషి మారనప్పుడు దానికి విలువేముంటుంది?

లోగన్ గురించి మరొక మాట కూడా చెప్పుకోవాలి. యుద్ధానికి ముందు ఆయన డెమొక్రాట్. దక్షిణ ఇల్లినాయ్‌లో ఎదిగినవాడు. నల్లజాతివారు ఆ రాష్ట్రంలోకి వచ్చి స్థిరపడకుండా 1853లో చేసిన చట్టానికి శాసనసభలో ముఖ్య ప్రోత్సాహకుడు. యుద్ధం అతన్ని రిపబ్లికన్‌గా మార్చింది, సంఘం అతన్ని జాతీయ నాయకుడిగా నిలబెట్టింది. 1884లో ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యేదాకా ఆ బలం తోడుగా ఉంది.

మా ఒహాయో విషయానికి వస్తే, 23వ ఒహాయో పదాతి దళం అనే ఒక్క రెజిమెంటు నుంచే ఇద్దరు అధ్యక్షులు, ఒక సుప్రీంకోర్టు న్యాయమూర్తి వచ్చారు. హేస్, మెకిన్లీ, స్టాన్లీ మాథ్యూస్ ముగ్గురూ అందులోనివారే. మెకిన్లీ 1861లో పద్దెనిమిదేళ్ల వయసులో సాధారణ సిపాయిగా చేరాడు. 1862 సెప్టెంబరు 17న యాంటీటమ్ పోరులో రేషన్ల సార్జెంటుగా ఉంటూ, తుపాకి గుండ్ల మధ్య వేడి భోజనం, కాఫీ బండ్లలో వేసుకుని ముందు వరసలోని సైనికులకు తీసుకువెళ్లి అందించాడు. హేస్ సిఫారసుతో అధికారి అయ్యాడు. గవర్నరయినా, అధ్యక్షుడయినా పాత స్నేహితులకు ఆయన చివరి వరకు 'మేజర్' గానే మిగిలాడు. ఎన్నికలలో కూడా ఆ పిలుపే ప్రచారమయింది. కాఫీ అందించిన చోట తరువాత పెద్ద స్మారక శిల కూడా నిలబెట్టారు.

మాజీ హవల్దార్

అయ్యా, మీ ఇద్దరి మాటలూ చదువుతుంటే ఆ సంఘం ఓట్ల యంత్రం తప్ప మరేమీ కాదనిపిస్తున్నది. నేను పశ్చిమ గోదావరివాడిని, సైన్యంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. మిలిటరీ మాధవరానికి దగ్గర ఊరు మాది. ఇంటికొకరు చొప్పున సైన్యంలో ఉన్న ఊళ్లలో సంఘం అంటే ఏమిటో నాకు తెలుసు. పింఛను కాగితం ఎక్కడ ఆగిందో కనుక్కోవడం, చనిపోయినవాడి భార్య చేత దరఖాస్తు పెట్టించడం, సాయంత్రం ఒకచోట కూర్చుని తమకు మాత్రమే అర్థమయ్యే మాటలు మాట్లాడుకోవడం, ఇవే అందులో ముప్పాతిక భాగం. అమెరికా పల్లెలోని సిపాయి కూడా గ్రాంటు కోసం కాక తన పక్కన నిలబడి కాల్చినవాడి కోసమే చేరి ఉంటాడు. పెద్దలు దాన్ని ఎలా వాడుకున్నారన్నది వేరే సంగతి.

లెక్కల మాస్టారు

హవల్దార్ గారు చెప్పిన 'పింఛను కాగితం' దగ్గరే అసలు కథ ఉన్నది. సంఘం తొలి ఉత్సాహం త్వరలోనే చల్లారింది. 1869లో సభ్యులను మూడు శ్రేణులుగా విభజించే రహస్య సమాజపు పద్ధతి తెచ్చి పెట్టారు, చాలామంది విసుగెత్తి మానేశారు. 1870ల నడిమికి మొత్తం సభ్యులు 30 వేల లోపుకు పడిపోయారు. అంటే రాజకీయ నాయకుల చేతిలో ఉన్న దశలోనే సంఘం కుంగిపోయిందన్నమాట. మళ్లీ లేచింది ఎప్పుడు? 1879 జనవరిలో హేస్ సంతకం చేసిన పింఛను బకాయిల చట్టం తరువాత. గాయపడిన సైనికుడు ఆలస్యంగా దరఖాస్తు పెట్టుకున్నా, సైన్యం నుంచి విడుదలయిన నాటి నుంచి లెక్కగట్టి బకాయి మొత్తం ఒకేసారి చేతికిచ్చే చట్టమది. పదిహేనేళ్ల బకాయి ఒక్కసారిగా వస్తుందంటే రైతు ఇంట్లో అది మామూలు విషయం కాదు.

దానితో పాటు దరఖాస్తులు నింపిపెట్టే ఏజెంట్లు పుట్టుకొచ్చారు. వాషింగ్టన్‌లో జార్జి లెమన్ అనే ఏజెంటు ఒక్కో దరఖాస్తుకు చట్టం అనుమతించిన 10 డాలర్ల రుసుము తీసుకుంటూ వేల కేసులు నడిపాడు. 1877లో ఒక పత్రిక పెట్టి, దానిలో పాత యుద్ధ కథలతో పాటు పింఛను ఉద్యమాన్ని కూడా నడిపాడు. పత్రిక చదివినవాడు దరఖాస్తు పెడతాడు, దరఖాస్తు పెట్టినవాడు పోస్టులో చేరతాడు, పోస్టులో చేరినవాడు కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాస్తాడు. చరిత్రాభిమాని గారు చెప్పిన మలుపు ఇక్కడే వచ్చింది. ఇక నాయకుడు సంఘాన్ని ఆజ్ఞాపించడం పోయి, సంఘం ముందు నాయకుడు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఆ జవాబు చెప్పుకోవలసి వచ్చిన మొదటి పెద్ద మనిషి గ్రోవర్ క్లీవ్‌లాండ్. యుద్ధం తరువాత గెలిచిన మొదటి డెమొక్రాట్ అధ్యక్షుడు. యుద్ధ కాలంలో తనకు బదులుగా మరొకరిని డబ్బిచ్చి సైన్యానికి పంపినవాడు. అప్పటి చట్టం ప్రకారం అది తప్పు కాదు గానీ, పాత సైనికుడి కళ్లకు అది చట్టం విషయం కాదు. మొదటి పదవీకాలంలో ఆయన ఒక్కో వ్యక్తికి పింఛను ఇవ్వాలంటూ కాంగ్రెస్ పంపిన బిల్లులను ఒక్కొక్కటే చదివి 200కు పైగా తిరస్కరించాడు. 1887 ఫిబ్రవరిలో, పని చేసుకోలేని స్థితిలో ఉన్న ప్రతి పాత సైనికుడికీ పింఛను ఇవ్వాలన్న బిల్లునూ తిరస్కరించాడు.

అదే ఏడాది జూన్‌లో, యుద్ధంలో పట్టుబడిన దక్షిణాది జెండాలను ఆయా రాష్ట్రాలకు తిరిగి ఇచ్చేయాలన్న ఉత్తర్వుకు క్లీవ్‌లాండ్ ఒప్పుకున్నాడు. అప్పటి సంఘాధిపతి లూషియస్ ఫెయిర్‌చైల్డ్, ఆ ఉత్తర్వు రాసిన చేతిని దేవుడు పక్షవాతంతో చచ్చుపడేట్టు చేయాలని బహిరంగంగా శపించాడు. గెటిస్‌బర్గ్‌లో ఎడమ చేయి పోగొట్టుకున్నవాడి నోట ఆ మాట వచ్చేసరికి దేశమంతా అట్టుడికింది. ఆ ఫెయిర్‌చైల్డ్ మాత్రం ఎవరు? విస్కాన్సిన్‌కు ఆరేళ్లు గవర్నరుగా ఉన్న రిపబ్లికన్ నాయకుడు. క్లీవ్‌లాండ్ కొద్ది రోజుల్లోనే ఉత్తర్వును వెనక్కి తీసుకున్నాడు, సెయింట్ లూయిస్‌లో జరగబోయే సంఘ మహాసభకు వెళ్లడం కూడా మానుకున్నాడు. ఇందులో వేడుక చూడండి: అవే జెండాలను 1905లో థియోడర్ రూజ్‌వెల్ట్ కాలంలో కాంగ్రెస్ తీర్మానంతో తిరిగి ఇచ్చినప్పుడు ఎవరూ పెద్దగా గొడవ చేయలేదు.

గోదావరి గట్టు

మాస్టారు గారి వరుస బాగానే ఉంది గానీ, దాని చివర "అందుకే 1888లో క్లీవ్‌లాండ్ ఓడిపోయాడు" అని పలువురు రాస్తుంటారు. అది నాకు అంత తేలిగ్గా మింగుడుపడదు. ఆ ఎన్నికలో దేశమంతటా ఎక్కువ ఓట్లు వచ్చింది క్లీవ్‌లాండ్‌కే. హారిసన్ గెలిచింది రాష్ట్రాలవారీగా లెక్కించే ఎలక్టోరల్ ఓట్లలో, 233కు 168 తేడాతో. న్యూయార్క్ రాష్ట్రం సుమారు 14 వేల ఓట్లతో, ఇండియానా అంతకంటే ఎంతో తక్కువ తేడాతో హారిసన్ వైపు మొగ్గాయి. అంత సన్నని తేడా ఉన్నచోట దిగుమతి సుంకాల వివాదం, న్యూయార్క్ డెమొక్రాట్ల అంతర్గత కలహం, ఇండియానా హారిసన్ సొంత రాష్ట్రం కావడం, ఓట్ల కొనుగోలు ఆరోపణలు అన్నీ లెక్కకు వస్తాయి. పాత సైనికులు ఒక్క కట్టుగా ఓటు వేసేవారే అయితే అదే క్లీవ్‌లాండ్ 1892లో అదే హారిసన్‌ను ఓడించి మళ్లీ ఎలా వచ్చాడు? 1890లో పింఛను చట్టం చేసిన రిపబ్లికన్లు ఆ శరదృతువులోనే ప్రతినిధుల సభను చిత్తుగా ఎందుకు పోగొట్టుకున్నారు?

సైనికుల ఓటు నాయకులు భయపడినంత పెద్దది కాదని నా నమ్మకం. అయితే భయం ఉంటే చాలు, చట్టం పుట్టడానికి.

లెక్కల మాస్టారు

గోదావరి గట్టు గారు అడిగిన ప్రశ్నకు సమాధానం సుంకాలలోనే ఉంది, ఆ రెంటినీ వేరు చేయడం కుదరదు. ఆనాటి ప్రభుత్వాదాయంలో సింహభాగం దిగుమతి సుంకాల నుంచి వచ్చేది. ఖజానాలో మిగులు పేరుకుపోతున్నది. మిగులు ఉన్నంత కాలం సుంకాలు తగ్గించమని డెమొక్రాట్లు అడుగుతారు. తగ్గిస్తే ఉత్తరాది కర్మాగారాలకు రక్షణ పోతుంది. ఈ చిక్కుముడికి రిపబ్లికన్లు కనిపెట్టిన విరుగుడు పింఛను. మిగులును గౌరవంగా ఖర్చు పెట్టడానికి పాత సైనికుడి కంటే యోగ్యుడు ఎవరు దొరుకుతారు?

1890 జూన్ 27న హారిసన్ సంతకం చేసిన చట్టం ప్రకారం 90 రోజుల సేవ, గౌరవప్రదమైన విడుదల, శారీరక శ్రమ చేయలేని స్థితి ఉంటే చాలు. ఆ స్థితి యుద్ధం వల్లనే రావాలని లేదు, దురలవాట్ల వల్ల మాత్రం రాకూడదు. నెలకు 6 నుంచి 12 డాలర్లు. చట్టానికి ముందు అయిదున్నర లక్షలకు దరిదాపుల్లో ఉన్న పింఛనుదారులు 1893 నాటికి 9,66,000కు చేరారు. ఖర్చు ఏడాదికి 15 కోట్ల డాలర్లు దాటి, కేంద్ర ప్రభుత్వ ఆదాయంలో సుమారు 40 శాతాన్ని మింగింది. ఆ డబ్బు ఉత్తరాది, పశ్చిమాది పల్లెలకు చేరేది. సుంకం భారం మాత్రం దక్షిణాది పత్తి రైతు మీద కూడా పడేది, అతని ఇంట్లో యుద్ధానికి వెళ్లినవాడికి కేంద్రం నుంచి దమ్మిడీ రాదు. దక్షిణాది సభ్యులు పింఛను బిల్లులంటే మండిపడటానికి పాత పగ ఒక్కటే కారణం కాదు.

వర్జీనియా తెలుగువాడు

లెక్కలు చదువుతుంటే గుర్తుకొచ్చిన ఒక మనిషి, ఒక కట్టడం గురించి రాస్తాను.

మనిషి పేరు జేమ్స్ టానర్, కార్పొరల్ టానర్ అని ప్రసిద్ధి. 1862లో రెండో బుల్‌రన్ పోరులో ఫిరంగి గుండు దెబ్బకు రెండు కాళ్లూ మోకాళ్ల కింద పోగొట్టుకున్నాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. కృత్రిమ కాళ్లతో నడవడం నేర్చుకుని, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని వాషింగ్టన్‌లో గుమాస్తాగా చేరాడు. లింకన్ తుపాకి దెబ్బకు గురైన రాత్రి, ఆయన ప్రాణాలు విడిచిన ఇంట్లోనే కూర్చుని సాక్షుల వాంగ్మూలాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నది ఇతడే. హారిసన్ గెలవగానే 1889లో ఇతన్ని పింఛన్ల కమిషనరుగా వేశాడు. మిగులును ఇక దేవుడే కాపాడాలి అన్న అర్థంలో ఈయన అన్నట్టు ప్రచారమయిన మాట ఒకటి ఉంది. నిజంగానే పాత పింఛన్లను తిరిగి లెక్కగట్టించి పెంచడం మొదలుపెట్టాడు, తన కార్యాలయంలోని ఉద్యోగుల పింఛన్లతో సహా. ఆరు నెలలకే, సెప్టెంబరులో పదవి వదలవలసి వచ్చింది. సంఘం అతన్ని వదలలేదు. 1905లో కమాండర్ ఇన్ చీఫ్‌గా ఎన్నుకుంది. ప్రభుత్వానికి బరువైనవాడు సంఘానికి బంగారమయ్యాడు. చరిత్రాభిమాని గారి ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

కట్టడం వాషింగ్టన్‌లోని పింఛను భవనం. మాంట్‌గొమరీ మీగ్స్ అనే సైన్యాధికారి రూపకల్పనతో 1887లో పూర్తయింది. ఇప్పుడది జాతీయ నిర్మాణకళా ప్రదర్శనశాల, మెట్రో రైలు దిగగానే ఎదురుగా ఉంటుంది. చూడటానికి వెళ్లేవారు లోపలి ఎత్తైన స్తంభాల దగ్గరకు పరుగెత్తుతారు. వాటికంటే ముందు బయట గోడ చుట్టూ, మొదటి అంతస్తుకు పైన ఉన్న మట్టి శిల్పాల పట్టీని నెమ్మదిగా చూడమంటాను. మూడడుగుల ఎత్తున, భవనమంతా చుట్టి వచ్చే ఆ పట్టీలో పదాతిదళం, గుర్రపుదళం, ఫిరంగిదళం, పడవలు తోసే నావికులు, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని నడిచే గాయపడినవారు వరుసగా వెళుతుంటారు. సామాను బండి తోలే మనిషి నల్లజాతివాడై ఉండాలని, యుద్ధం వల్ల విముక్తుడైన తోట బానిస అయి ఉండాలని మీగ్స్ పట్టుబట్టి చేయించాడు. పింఛను కోసం వచ్చిన ప్రతివాడూ ఆ వరుస కింది నుంచే లోపలికి వెళ్లేవాడు. 1889లో హారిసన్ ప్రమాణ స్వీకారపు విందు నృత్యం జరిగింది కూడా ఈ భవనంలోనే. నన్నడిగితే ఆ పార్టీ ఎవరికి రుణపడిందో చెప్పడానికి అంతకంటే తగిన చోటు ఆ నగరంలో లేదు.

కొలంబస్ నివాసి

ఆ బండి తోలేవాడి గురించి రాశారు కనుక, నల్లజాతి సభ్యుల విషయం కూడా ఈ చర్చలోకి రావాలి. నియమావళి ప్రకారం గౌరవప్రదంగా విడుదలయిన ఏ యూనియన్ సైనికుడైనా సభ్యుడు కావచ్చు, రంగు ప్రసక్తి లేదు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. అయితే కొత్త సభ్యుడిని చేర్చుకోవడానికి పోస్టులో రహస్య ఓటు జరగాలి. అక్కడే చాలామంది ఆగిపోయారు. ఉత్తరాదిన కలిసి కూర్చున్న పోస్టులు కొన్ని ఉన్నాయి, దక్షిణాదిన చాలావరకు వేరు వేరు పోస్టులే. లూసియానా, మిసిసిపీ డిపార్ట్‌మెంటులో నల్లవారి పోస్టులను గుర్తించే విషయమై వివాదం ముదిరి, వారికి వేరే డిపార్ట్‌మెంటు పెట్టాలన్న ప్రతిపాదన 1891లో డెట్రాయిట్ మహాసభకు వచ్చింది. మహాసభ దాన్ని తిరస్కరించింది. జాతీయ వేదిక మీద ఆ నిర్ణయం నిలబడినా, ఊళ్లో తలుపు దగ్గర పరిస్థితి అంతగా మారలేదు.

ఒహాయోలో జార్జి వాషింగ్టన్ విలియమ్స్ అనే నల్లజాతి మాజీ సైనికుడు 1879లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు, ఆ సభలో మొదటి నల్లజాతి సభ్యుడు ఆయనే. రాష్ట్ర డిపార్ట్‌మెంటులో జడ్జి అడ్వొకేట్ (న్యాయ వ్యవహారాలు చూసే అధికారి) అనే హోదా కూడా ఆయనకు దక్కింది. అంటే సంఘం నిచ్చెన ఒకరిద్దరు నల్లవారికి కూడా అందింది. కానీ 1890లో పింఛను చట్టం చేసిన కాంగ్రెస్‌లోనే, దక్షిణాదిన నల్లవారి ఓటు హక్కును కాపాడటానికి హెన్రీ కాబట్ లాడ్జ్ తెచ్చిన బిల్లు ప్రతినిధుల సభ దాటి సెనేటులో కూలిపోయింది. నల్ల సైనికుడికి నెలకు 12 డాలర్లు ఇవ్వడానికి ముందుకొచ్చిన సభ అతని ఓటుకు కాపలా కాయలేకపోయింది.

గోదావరి గట్టు

ఎదుటి పక్షాన్ని మరచిపోకండి. ఓడిన దక్షిణాది సైనికులు 1889లో న్యూ ఆర్లియన్స్‌లో యునైటెడ్ కాన్ఫెడరేట్ వెటరన్స్ అనే సంఘం పెట్టుకున్నారు. దాని మొదటి అధిపతి జాన్ గోర్డన్ 1904లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. సంఘం పెట్టే నాటికి ఆయన జార్జియా గవర్నరు, తరువాత మళ్లీ సెనేటరు. కేంద్ర పింఛను రాదు కనుక ఆ సైనికులకు రాష్ట్ర ఖజానాల నుంచే ఇచ్చుకున్నారు. ఉత్తరాది సంఘం రిపబ్లికన్లకు ఎలాగో, ఇది దక్షిణాది డెమొక్రాట్లకు అలాగే పనికొచ్చింది. డబ్బు పరిమాణమే తేడా.

మాజీ హవల్దార్

ఇదంతా చదివాక మన దేశం గురించి ఒక మాట అడగకుండా ఉండలేకపోతున్నాను. 2013 సెప్టెంబరు 15న హర్యానాలోని రేవాడిలో మాజీ సైనికుల భారీ సభ జరిగింది. మాజీ సైన్యాధిపతి జనరల్ వి.కె.సింగ్ నరేంద్ర మోదీతో పాటు ఆ వేదిక మీద కూర్చున్నారు. 'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' అన్న కోరిక మాకు అప్పటికే పాతది. మరుసటి ఏడాది జనరల్ గారు గాజియాబాద్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు. అయినా 2015 జూన్‌లో మా పెద్దలు జంతర్ మంతర్ దగ్గర కూర్చోవలసే వచ్చింది. ఉత్తర్వు నవంబరులో వచ్చింది, అయిదేళ్లకొకసారి సవరణ అన్న మెలికతో. ఆ మెలిక మీద ఇండియన్ ఎక్స్-సర్వీస్‌మెన్ మూవ్‌మెంట్ సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2022 మార్చిలో కోర్టు ప్రభుత్వ విధానాన్నే సమర్థించింది. ప్రభుత్వంలో మంత్రి ఉన్నా, బయట సంఘం ఉన్నా, క్లీవ్‌లాండ్‌ను వణికించినట్టు మనవాళ్లు ఎవరినీ వణికించలేకపోయారు. ఎందుకంటారు?

చరిత్రాభిమాని

హవల్దార్ గారూ, సంఖ్యే ముఖ్య కారణమని నేననుకుంటాను. యూనియన్ సైన్యంలో సుమారు 20 లక్షల మంది పనిచేశారు. ఉత్తరాదిలో ఆ తరం మగవారిలో అది ఎంత పెద్ద భాగమో ఊహించండి. ఇల్లినాయ్, ఒహాయో, ఇండియానా వంటి రాష్ట్రాలలో గెలుపోటములు కొన్ని వేల ఓట్లతో తేలేవి, ప్రతి ఊళ్లో పోస్టు ఉండేది. మన దగ్గర మాజీ సైనికుల ఓటు ఉత్తరాఖండ్, హిమాచల్, పంజాబ్, హర్యానాలలో కొన్ని నియోజకవర్గాలకే పరిమితం. ఉత్తరాఖండ్‌లో మేజర్ జనరల్ ఖండూరీ ముఖ్యమంత్రి కావడం, పంజాబులో కెప్టెన్ అమరీందర్ సింగ్ తన ర్యాంకునే పేరుగా మార్చుకోవడం ఆ నేల మీదే సాధ్యం. మన తెలంగాణలో ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు వాయుసేనలో మిగ్ యుద్ధ విమానాలు నడిపినవారే. కానీ హుజూర్‌నగర్‌లో ఆయనను గెలిపించేది మాజీ సైనికుల సంఘం కాదు, పార్టీ, నీళ్లు, ఊరి సంబంధాలు. సైన్యం ఆయనకు గౌరవాన్నిచ్చింది, ఓటు బ్యాంకును కాదు.

రెండో కారణం డబ్బు. అక్కడ పింఛను పెంచితే కర్మాగారాల యజమాని కూడా సంతోషించాడు, సుంకాలు నిలుస్తాయి కనుక. మన దగ్గర పింఛను పెంచితే లాభపడే రెండో వర్గమేదీ లేదు.

నిర్వాహకులు

భారతదేశ పింఛను విధానంపై ప్రత్యేకంగా వేరే చర్చ నడుస్తున్నది. దయచేసి ఇక్కడ అమెరికా సంఘాల విషయంలోనే కొనసాగించండి.

వర్జీనియా తెలుగువాడు

అలాగే. ఆ తరువాతి తరం ఈ అనుభవం నుంచి ఏమి తీసుకుందన్నది మిగిలింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత 1919లో పుట్టిన అమెరికన్ లీజియన్ తన నియమావళిలో ఒక అడుగు ముందుకు వేసింది. జీతం వచ్చే ఎన్నికల పదవిలో ఉన్నవాడు గానీ, దానికి పోటీ చేస్తున్నవాడు గానీ సంఘంలో ఏ పదవీ చేపట్టరాదని రాసుకుంది. హార్ట్రాన్‌ఫ్ట్ లాగా ఒకే మనిషి గవర్నరుగానూ, సంఘాధిపతిగానూ ఉండటం ఇక కుదరదు. చదవడానికి బాగుంది.

గోదావరి గట్టు

చదవడానికే బాగుంది. ఆ నియమం పదవిలో 'ఉన్నవాడిని', పోటీలో 'నిలబడినవాడిని' ఆపుతుంది, ముందుముందు పదవికి 'పోబోయేవాడిని' ఆపదు, 'దిగిపోయినవాడిని' కూడా ఆపదు. పాల్ మెక్‌నట్ 1928లో లీజియన్ జాతీయ అధిపతి అయినప్పుడు ఇండియానాలో న్యాయకళాశాల డీన్. అధిపతిగా దేశమంతా తిరిగాడు, 1933లో గవర్నరయ్యాడు. ఇక జాన్ స్టెల్ అంతకుముందే ఇల్లినాయ్ గవర్నరుగా చేసి దిగిపోయినవాడు, 1945లో అధిపతి అయ్యాడు. లోగన్ పుట్టిన రాష్ట్రమే, గమనించారా? ఇక డబ్బు విషయంలో, 1924లో కూలిడ్జ్ వీటోనూ, 1936లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వీటోనూ తోసిపుచ్చి కాంగ్రెస్ ప్రపంచ యుద్ధ సైనికుల బోనసును గట్టెక్కించింది. క్లీవ్‌లాండ్ వీటో కనీసం నిలబడింది.

కొలంబస్ నివాసి

స్టెల్ పేరు ఎత్తారు కనుక ఆ కథ పూర్తి చేస్తాను. 1945లో అధ్యక్షుడు ట్రూమన్ మాజీ సైనికుల సంక్షేమ సంస్థను నడపడానికి జనరల్ ఒమర్ బ్రాడ్లీని నియమించాడు. ట్రూమన్ స్వయంగా లీజియన్ సభ్యుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగిదళ కెప్టెన్‌గా చేసినవాడు. 1922లో మిస్సోరీలో తొలి ఎన్నిక గెలవడానికి ఆ దళంలోని పాత మిత్రులే వెంట తిరిగారు. అటువంటి అధ్యక్షుడి మీద ఒత్తిడి తేవడం సులువని లీజియన్ అనుకుని ఉండవచ్చు. 1946 ఆరంభంలో స్టెల్ సంస్థ పనితీరు బాగోలేదని బహిరంగంగా విమర్శించి, బ్రాడ్లీని తొలగించమన్నాడు. బ్రాడ్లీ కూడా ఊరుకోలేదు, లీజియన్ అధిపతికి బహిరంగంగానే గట్టిగా జవాబిచ్చాడు. ట్రూమన్ బ్రాడ్లీ పక్షాన నిలబడ్డాడు. బ్రాడ్లీ 1947 చివరి దాకా ఆ పదవిలో కొనసాగి, ఆ తరువాత సైన్యాధిపతిగా వెళ్లాడు.